కమానుకట్టల జిప్సీ: ఎత్తు పెంచు మార్గములు

అరకు, మారేడుమిల్లి ప్రాంతముల మన్యపు మట్టిదారులలో వానకాలము ముగియునప్పటికి చక్రములు నడచిన రెండు గాడులును లోతుపడి, వాని నడుమ మట్టి గట్టుగా నిలిచిపోవును. ఆ గట్టునకు మొదట తగులునది బండి అడుగుభాగము కాదు. ఇరుసు నడుమ ఉబ్బియుండు డిఫరెన్షియలు పెట్టె. అది ఒకసారి గట్టుమీద కూర్చున్నచో, నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించు వాహనమైనను చక్రములను వృథాగా త్రిప్పుచు అచ్చటనే నిలిచిపోవలసినదే. ఇట్టి అనుభవము కలిగిన యజమాని తన బండిని ఎత్తు చేయింపవలెనని తలంచుట సహజము. కాని దేనిని ఎత్తుచున్నాము, ఎంత ఎత్తుచున్నాము, ఎత్తినందున మరి యేయే భాగములు తమ స్థానము తప్పుచున్నవి అను ప్రశ్నలు వేసికొనకుండ చేయించిన పని ఆ గట్టును దాటింపలేకపోవుటయే గాక, తిరుగు ప్రయాణమున ఘాటురోడ్డు మలుపులో ప్రాణాపాయమును గూడ తేగలదు.

ఈ విషయమును ఒక నిర్దిష్టమైన వాహనము నాధారముగా చేసికొని వివరించుట మేలు. మన దేశమున అందుకు మారుతి జిప్సీ కంటె తగిన ఉదాహరణము లేదు. జపాను దేశపు సుజుకి సంస్థ రూపొందించిన ఎస్‌జే వరుస చిన్న జీపు 1985 డిసెంబరులో ఈ పేరుతో మన రోడ్లమీదికి వచ్చినది. మొదట 970 సీసీ ఇంజనుతోను, తరువాత 1.3 లీటర్ల ఇంజనుతోను నడచినది. సైన్యమునకు, పోలీసు శాఖకు, అభయారణ్యములలోని సఫారీలకు, హిమాలయ ర్యాలీలకు ఏండ్ల తరబడి నమ్మకముగా సేవచేసినది. పౌరులకు దాని విక్రయము 2019 నాటికి నిలిచిపోయినను, ఉన్న బండ్లను కన్నబిడ్డలవలె కాపాడుకొనువారు నేటికిని అనేకులు కలరు. సుమారు ఒక టన్ను బరువు, ముందు వెనుక ఇరుసుల నడుమ 2375 మిల్లీమీటర్ల దూరము, రెండు చోట్లను ఏకఖండమైన గట్టి ఇరుసులు, నాలుగు మూలలను కమానుకట్టలు: ఇవి దాని ముఖ్య లక్షణములు. ఇంకొక లక్షణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. జిప్సీలో కమానుకట్ట ఇరుసునకు క్రింద బిగింపబడియుండును. ఎత్తు పెంచు మార్గములలో అన్నిటికంటె సాహసోపేతమైనది ఈ యొక్క అంశము నాశ్రయించియే పుట్టినది.

కమానుకట్ట చూచుటకు మిక్కిలి సరళమైన వస్తువు. స్ప్రింగు ఉక్కుతో చేసిన వంపు పట్టీలను పొడవు తగ్గుచుండునట్లు వరుసగా పేర్చి, నడుమ సెంటరు బోల్టుతో కూర్చి, ఆ కట్టను యూ బోల్టులతో ఇరుసునకు బిగింతురు. అన్నిటికంటె పొడవైన పట్టీ యొక్క రెండు కొనలును గుండ్రముగా చుట్టబడి, బుష్షులు దిగుటకు వీలైన కన్నులుగా ఏర్పడును. ఒక కన్ను ఛాసీకి స్థిరముగా బిగింపబడును. రెండవది షాకిలు అను ఊగెడు బందు ద్వారా ఛాసీకి వ్రేలాడును. బరువుపడి కమాను చదునగునప్పుడు దాని రెండు కొనల మధ్య దూరము పెరుగును గనుక ఒక కొనకు కదలిక లేనిదే అది పనిచేయజాలదు. 1804లో ఇంగ్లండునందు ఒబడయా ఎలియట్ అను శిల్పి గుర్రపుబండ్ల కొరకు జోడుకమానులకు పేటెంటు పొందిన నాటినుండి నేటి లారీల వరకు ఈ మూలసూత్రము మారలేదు.

అయితే సరళముగా కనుపించు ఈ వస్తువు ఏకకాలమున నాలుగు పనులు నెరవేర్చుచున్నది. బరువు మోయుట మొదటిది. ఇరుసును ముందువెనుకలకును ప్రక్కలకును జరుగనీయక పట్టియుంచుట రెండవది. చక్రముల తోపును, బ్రేకుల పట్టును ఛాసీకి చేరవేయుట మూడవది. పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుటచేత ఊపును కొంత అణచుట నాలుగవది. కాయిలు స్ప్రింగులుగల బండిలో ఈ పనులను వేర్వేరు కడ్డీలు పంచుకొనగా, ఇక్కడ అన్నియు ఒకే ఉక్కుకట్ట భుజములమీద నున్నవి. కావున దానియందు ఏ చిన్న మార్పు చేసినను నాలుగు పనులును మారును. ఎత్తు ఒక్కటియే మారి తక్కినవి యథాతథముగా నిలుచునని ఆశించుట యంత్రధర్మమునకు విరుద్ధము. మరియొక సూత్రము కూడ తెలిసికొనదగినది. పట్టీ మందము రెట్టింపైనచో బిరుసుతనము ఎనిమిది రెట్లగును. పొడవు రెట్టింపైనచో అది ఎనిమిదవ వంతునకు తగ్గును. పొడవైన, పలుచని పట్టీలు అధిక సంఖ్యలో గల కట్ట మెత్తగాను బలముగాను ఉండుటకును, పొట్టిదై మందమైన పట్టీలు కొన్నియే గల కట్ట ఎముకలు కదలించుటకును కారణమిదియే.

ఇక ఎత్తు సంగతి. కమానుల ద్వారా బండిని ఎంత ఎత్తినను డిఫరెన్షియలు పెట్టె నేలనుండి వెంట్రుకవాసియైనను లేవదు. ఏలయన ఇరుసు చక్రములమీద కూర్చున్నది. కమాను ఇరుసుమీద ఆధారపడినది. కమానుకు చేసిన మార్పు దానిపైనున్న ఛాసీని, బాడీని మాత్రమే పైకి లేపగలదు. ఇరుసు లేవవలెనన్నచో టైరు పెద్దది కావలెను, అదియైనను టైరు వ్యాసములో పెరిగినదానికి సగము మాత్రమే లేచును. జిప్సీకి సాధారణముగా వచ్చు 205/70 ఆర్ 15 టైరు వ్యాసము లెక్కప్రకారము 668 మిల్లీమీటర్లు. దాని స్థానమున 235/75 ఆర్ 15 వేసినచో 733 మిల్లీమీటర్లు. భేదము 65, ఇరుసు లేచినది సుమారు 33 మాత్రమే. కంపెనీ చెప్పిన 210 మిల్లీమీటర్ల నేల ఎడము ఈ విధముగా 240కి పైబడును. మొదట చెప్పిన మట్టిగట్టును దాటించునది ఈ అంగుళమున్నర లోపు లాభమే.

అట్లయిన కమానుల ఎత్తు నిష్ప్రయోజనమా? కాదు. ఆ పెద్ద టైరు చక్రపు తొట్టిలో ఇముడుటకును, చక్రము పూర్తిగా త్రిప్పినప్పుడును గుంతలో దిగి పైకి నొక్కుకొన్నప్పుడును రేకునకు రాచుకొనకుండుటకును చోటు కావలెను. ఆ చోటును కల్పించునది కమానుల ఎత్తు. అంతేగాక రెండు ఇరుసుల నడుమ నుండు అడుగుభాగము 50 మిల్లీమీటర్లు లేచినచో, జిప్సీ వంటి పొట్టి బండి దిబ్బ శిఖరముపై నడుము ఆనకుండ దాటగల కోణము నాలుగు డిగ్రీలకు పైగా పెరుగును; ముందు వెనుక బంపర్లు గట్టులను, రాళ్లను తాకకుండ ఎక్కిదిగు కోణములును మెరుగగును. ఈ లాభములు నిజమైనవి. వీనికి చెల్లించు మూల్యము కూడ నిజమైనదే. పెద్ద టైరు వలన గేర్ల పట్టు దాదాపు పదవవంతు సన్నగిల్లును; స్పీడామీటరు సరియైనదే యని అనుకొన్నను అది గంటకు 60 కిలోమీటర్లు చూపునప్పుడు వాస్తవ వేగము 66కు చేరువగా నుండును.

ఎత్తు పెంచు మార్గములలో అతి చవుకయైనది షాకిలును పొడవు చేయుట. ఇందు కట్టయొక్క ఒక కొన మాత్రమే దిగును గనుక నడుమనున్న ఇరుసువద్ద దక్కునది సగమే. ఒక అంగుళము ఎత్తు కావలెనన్నచో షాకిలును రెండంగుళములు పెంచవలెను. అంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి కలదు. జిప్సీలో ముందు కమానుల షాకిళ్లు ముందుకొననే యున్నవి. వానిని పొడిగించినచో ముందుకొన దిగి, కట్టతోపాటు ఇరుసు కూడ ముందునకు దొర్లి, చక్రము తిరుగు నిలువు అక్షము వెనుకకు వాలియుండవలసిన కోణము తగ్గిపోవును. మెకానికులు క్యాస్టరు అని పిలుచు ఆ వాలే స్టీరింగును మలుపు తరువాత తనంతట తాను నేరుగా తెచ్చునది. అది తగ్గిన బండి హైవేపై ఒకదారిన పోక అటునిటు తిరుగుచు, డ్రైవరు చేతులను క్షణమైనను విశ్రమింపనీయదు. షాకిలు పొడవైనకొలది ప్రక్కలకు ఊగుట కూడ అధికమగును. అరంగుళము, ముప్పావు అంగుళము సరిదిద్దుటకు ఈ మార్గము సరిపోవునేమో గాని, అంతకు మించిన ఎత్తునకు దీనిని నమ్ముకొనుట తగదు.

ఇరుసునకు కమానుకట్టకు నడుమ ఇనుప దిమ్మె నుంచుట రెండవ మార్గము. దిమ్మె ఎంత మందమో అంత ఎత్తు నిక్కముగా లభించును, కమాను మెత్తదనము చెడదు, ఖర్చు స్వల్పము. కమాను ఇరుసునకు పైనుండు పికప్పులలో వెనుక ఇరుసునకు దీనిని కంపెనీలే వాడుట కలదు. జిప్సీలో కట్ట ఇరుసునకు క్రిందనుండుటచేత ఈ మార్గము యథాతథముగా చెల్లదు. ఇరుసునకు కట్టకు నడుమ దిమ్మె వేసినచో ఛాసీ లేచుటకు మారు దిగును. ఇతర బండ్ల యజమానులు మాత్రము ఒక నియమమును శాసనముగా పాటింపవలెను: ముందు ఇరుసునకు దిమ్మె వేయరాదు. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడు బరువంతయు ముందునకు వచ్చి, ఇరుసు మెలిపడబోవును. దిమ్మె ఆ మెలికకు మీటవలె దోహదముచేసి, తుదకు తానే జారిపోవచ్చును. దిమ్మెపై దిమ్మె పెట్టుట మరియు ప్రమాదకరము. పీటమీద పీట వేసికొని అటకపైకి చేయి చాచినవానికి కలుగు గతియే ఆ ఇరుసునకును కలుగును.

మూడవది మన ఆటోనగరులలోని కమాను పనివారికి చిరపరిచితమైన విద్య. విజయవాడ ఆటోనగరు మొదలుకొని ప్రతి పట్టణపు పొలిమేరలోను, లారీ కమానుకట్టలను విప్పి, విరిగిన పట్టీని మార్చి, చదునైన పట్టీలకు మరల వంపు తెచ్చి, తిరిగి కట్టి పంపు దుకాణములు కలవు. అచ్చటి పనివారు కట్టను చేతితో తడవి చూచి, ఏ పట్టీ అలసినదో, ఏది ఇంకను బిగువుగా నున్నదో చెప్పగల నైపుణ్యము గలవారు; ఆ నైపుణ్యము పుస్తకములలో దొరకదు. వారు చేయు పని రెండు విధములు. ఒకటి, కట్టలోనికి మరియొక పట్టీని చేర్చుట. సమాన మందముగల ఐదు పట్టీల కట్టకు ఆరవది చేర్చినచో బిరుసుతనము సుమారు ఐదవ వంతు పెరుగును; ఎత్తు అంగుళము, అంగుళమున్నర వరకు వచ్చును. నిత్యము సామగ్రి మోయు బండికి, వెనుక భారమెక్కువైన సఫారీ బండికి ఇది న్యాయమైన మార్గము. ఇద్దరు మాత్రమే కూర్చుండి తిరుగు తేలికబండికి ఇదే పట్టీ చేర్చినచో కమాను వంగుటకే నిరాకరించి, గుంతలో చక్రము దిగక గాలిలో తేలిపోవును. చేర్చెడి పట్టీ పొట్టిదై మందముగా నున్నచో దాని కొనలవద్ద పై పట్టీపై ఒత్తిడి కేంద్రీకృతమై అది అచ్చటనే విరుగుటయు కలదు. కావున పొడవైన పలుచని పట్టీని కోరుట యుక్తము.

రెండవ విధము, ఉన్న పట్టీలకే అధికముగా వంపు తెచ్చుట. చల్లని పట్టీని ప్రెస్సు క్రిందనో సుత్తితోనో వంచినచో ఎత్తు కొంతకాలము నిలుచును గాని, లోహమునకు సరియైన ఉష్ణసంస్కారము జరుగనిచో అది క్రమముగా తన పూర్వపు వంపునకు దిగజారును. పట్టీని కాల్చి వంచి, నూనెలో ముంచి గట్టిపరచి, తిరిగి మితముగా వేడిచేసి పెళుసుదనము పోగొట్టుట పూర్తి పద్ధతి. కాల్చుట మాత్రమే జరిగి తక్కినవి జరుగని పట్టీ మెత్తబడిపోవును. గట్టిపరచుట జరిగి తుది వేడి తప్పిన పట్టీ ఒకనాడు రాతిమీద ఠప్పున విరుగును. పనివానిని ఈ ప్రశ్న అడుగుటకు యజమాని సంకోచింపరాదు. సమర్థుడైన పనివాడు ఆ ప్రశ్నకు సంతోషించునే గాని కోపింపడు.

నాలుగవ మార్గము, రెండంగుళముల ఎత్తునకు మొదటినుండియు లెక్కించి చేసిన క్రొత్త కమానుకట్టలు వేయుట. దీనికి ధనము కొంత అధికముగా వెచ్చింపవలెను. అయినను రోడ్డుమీదను అడవిలోను సమానముగా తిరుగవలసిన జిప్సీకి ఈ మార్గమే ఉత్తమమని నా దృఢమైన అభిప్రాయము. ఎందుకనగా ఇందు ఎత్తుతోపాటు వంగుడుతనమును కూడ కొనుచున్నాము. ఎగుడుదిగుడు దారిలో బండిని నడిపించునది ఎత్తు కాదు, నాలుగు చక్రములును నేలను విడువక అంటియుండుట. ఒక మూల పైకెక్కగా ఎదురు మూల క్రిందికి దిగుట. నేలను విడిచిన చక్రము వైపునకే సాధారణ డిఫరెన్షియలు కదలిక నంతయు పంపివేయును గనుక, గాలిలో తేలిన ఒక చక్రము ఆ ఇరుసు నంతటిని నిరర్థకము చేయును. ఈ గుణమును కొలుచుటకు ఒక పద్ధతి కూడ ఉన్నది. సాధారణముగా 20 డిగ్రీల వాలుగల ఏటవాలు పలకపైకి ఒక ముందుచక్రమును ఎక్కించి, మరియొక చక్రము నేలను విడువకుండ ఎంత దూరము ఎక్కగలిగెనో కొలిచి, దానిని ఇరుసుల నడిమి దూరముచేత భాగించి వేయితో గుణింతురు. బిరుసైన కట్టతో నాలుగంగుళములు లేచిన బండికి, మెత్తని కట్టతో రెండంగుళములు మాత్రమే లేచిన బండికంటె ఈ అంకె తక్కువగా వచ్చుట అరుదు కాదు.

క్రొత్త కమానులు వేసినప్పుడు షాక్ అబ్జార్బర్లను పాతవి ఉంచుట పొదుపు కాదు, దోషము. కమాను పూర్తిగా క్రిందికి దిగినప్పుడు షాక్ అబ్జార్బరు ముందుగా సాగి ఆగినచో, ఇరుసు బరువంతయు దానిమీద వ్రేలాడి, దాని బిగింపును ఊడబెరుకును. మితిమీరిన పొడవుది వేసినచో కమాను పైకి నొక్కుకొన్నప్పుడు అది లోపల తగిలి పగులును. కావున కమానును పూర్తిగా దించి ఒకసారి, పూర్తిగా నొక్కి ఒకసారి కొలిచి, ఆ రెంటి నడుమ ఇమిడెడు పొడవును ఎంచవలెను. బ్రేకు నూనె పోవు రబ్బరు గొట్టమును గూడ అదే సమయమున చూడవలెను. ఇరుసు దిగినప్పుడు అది తీగవలె బిగిసినచో ఆ పని అసంపూర్ణమనియే భావింపవలెను.

ఇక చివరిది, సాహసులకు ప్రియమైనది: క్రిందనున్న కమానుకట్టను ఇరుసునకు పైకి మార్చుట. ఇరుసు గొట్టపు లావును, కట్ట మందమును కలిసి బండి ఒక్కసారిగా ఐదంగుళములకు అటునిటుగా లేచును. కమాను ఉక్కు మారదు. దాని సహజమైన మెత్తదనము చెడదు. రాళ్లకు తగులు యూ బోల్టులు, పలకలు ఇరుసు మరుగునకు పోవును. ఇన్ని సుగుణములు చూచి మురిసిపోవుటకు ముందు, పని యొక్క పూర్తి స్వరూపమును గ్రహింపవలెను. ఇరుసుమీద క్రొత్త పీఠములను వెల్డింగు చేయవలెను; ఆ పీఠముల కోణమే ముందు ఇరుసునకు క్యాస్టరును, వెనుక ఇరుసునకు ప్రొపెల్లరు షాఫ్టు వచ్చి చేరు వాలును శాశ్వతముగా నిర్ణయించును; ఒక డిగ్రీ తప్పినను దిద్దుటకు మరల కోయవలసినదే. షాఫ్టు రెండు కొనల జాయింట్ల కోణములు సమానముగా నున్నప్పుడే ఒకటి పుట్టించు అదురును రెండవది అణచును. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరుపెట్టె నుండి వేరుగా బిగింపబడి, అచ్చటినుండి ముందునకు వెనుకకు రెండు షాఫ్టులు బయలుదేరును. ఐదంగుళములు లేచిన పిమ్మట ఆ షాఫ్టులు మరింత ఏటవాలుగా మారి, వాని జారుడు పట్టు చాలక, పొడవు పెంచవలసివచ్చును.

స్టీరింగు సంగతి ఇంతకంటె సున్నితమైనది. స్టీరింగు పెట్టె ఛాసీతో లేచిపోగా చక్రములు క్రిందనే నిలిచిపోవుటచేత, ఆ రెంటిని కలుపు డ్రాగ్ లింకు ఏటవాలుగా మారును. ఏటవాలుగా నున్న కడ్డీ, ఇరుసు పైకి క్రిందికి కదలినప్పుడెల్ల చక్రములను ప్రక్కకు నెట్టును. డ్రైవరు త్రిప్పకయే బండి తానే తిరుగును. దీనికి విరుగుడుగా చక్రపు పిడికిలిపై ఎత్తైన చేతిని బిగించి, కడ్డీని మరల సమతలమునకు తేవలెను. కడ్డీని కాల్చి మెలివంచి సరిపెట్టుట కంటె అది ఎంతో సురక్షితము. చివరగా, కమాను నేలకు దూరమైనందున చక్రపు తోపు దానిమీద అధికముగా మీటు వేయును. క్లచ్చు వదలిన క్షణమున కట్ట ఎస్ అక్షరపు ఆకారమున మెలిపడి, షాఫ్టు జాయింటును విరిచిన సందర్భములు ఈ రంగమున పరిచితములే. ఇరుసునుండి ఛాసీకి ఒక నిలుపుదల కడ్డీ వేయుట ఇందుకు సాధారణ నివారణము. ఇవన్నియు సంపూర్ణముగా చేయింపగల ధనము, ఓర్పు, నమ్మకమైన వెల్డరు ఉన్నచో ఈ మార్గము శ్లాఘ్యమైనది. సగము చేసి రోడ్డెక్కించినచో, దానికంటె కంపెనీ నుండి వచ్చిన స్థితియే వేయిరెట్లు మేలు.

ఎత్తు పెరిగిన ప్రతి బండికిని ఒరుగుడు భయము పెరుగును. రెండు ప్రక్క చక్రముల నడిమి దూరములో సగమును గురుత్వకేంద్రపు ఎత్తుచేత భాగించగా వచ్చు అంకె ఎంత తక్కువైన బండి అంత సులభముగా దొర్లును. చక్రముల నడుమ 1300 మిల్లీమీటర్లును, గురుత్వకేంద్రము 650 మిల్లీమీటర్ల ఎత్తునను ఉన్నవనుకొన్నచో ఆ అంకె 1; కేంద్రము మరి 125 మిల్లీమీటర్లు లేచినచో అది 0.84కు పడిపోవును. ఈ భయము ఊహాజనితము కాదు. జిప్సీకి తోబుట్టువైన సమురాయ్‌ను అమెరికాలో అమ్మినప్పుడు, 1988లో అచ్చటి కన్స్యూమర్స్ యూనియన్ దానిని హఠాత్తు మలుపులలో దొర్లు అవకాశముగల బండిగా ఎంచి, కొనదగినది కాదని ప్రకటించెను. ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ ఆ బండ్లను వెనుకకు పిలిపింపుమను వినతిని త్రోసిపుచ్చెను; సుజుకి సంస్థ 1996లో దావా వేసెను; 2004లో ఇరువురును రాజీపడిరి. న్యాయమెవరిదైనను, కంపెనీ ఎత్తులోనే ఇంత చర్చకు పాత్రమైన బండిని మనము మరింత ఎత్తుచున్నామను ఎరుక అవసరము. మారుతి సంస్థ కూడ 1990ల దశకమున జిప్సీ చక్రముల నడిమి వెడల్పును పెంచినది. ఎత్తు పెంచువారు తమ ప్రణాళికలో ఆ వెడల్పును గూడ చేర్చుకొనుట వివేకము.

చట్టము మాట కూడ చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను దృఢముగా సమర్థించినది. ప్రమాదము జరిగినప్పుడు బీమా విషయమున తగాదా వచ్చుటకును ఇట్టి మార్పులు కారణము కాగలవు. కావున పని మొదలుపెట్టుటకు ముందే రవాణా శాఖ కార్యాలయమున విచారించి, తగిన అనుమతి లేని మార్పులను సొంత స్థలములకును పోటీ మైదానములకును పరిమితము చేసికొనవలెను.

నిత్యము తిరుగు జిప్సీకి నేను సూచించు క్రమమిది. మొదట బుష్షులను, షాకిలు పిన్నులను, అలసిన పట్టీలను మార్చి, కంపెనీ ఇచ్చిన ఎత్తును తిరిగి తెచ్చుకొనవలెను. పాతబండ్లలో కుంగిన కమానుల వలన పోయిన ఎత్తే పలుమారు యజమాని కోరుచున్న ఎత్తులో సగముండును. తరువాత తాను తిరుగు దారిలో నిజముగా ఏది తగులుచున్నదో బండిక్రింద చూచి తెలిసికొనవలెను. డిఫరెన్షియలు తగులుచున్నచో టైరు, ఆ టైరునకు చోటు చాలనిచో రెండంగుళముల మెత్తని కమానులు, వానికి సరిపోవు షాక్ అబ్జార్బర్లు. పని పూర్తియైన పిమ్మట వీల్ అలైన్‌మెంటు చేయించి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత యూ బోల్టులను నిర్ణీతమైన బిగువునకు మరల బిగింపవలెను; క్రొత్త పట్టీలు ఒకదానిలో నొకటి సర్దుకొనునప్పుడు ఆ బోల్టులు వదులగుట తప్పదు, వదులైన యూ బోల్టు మొదట సెంటరు బోల్టును తెంపి, తరువాత ఇరుసును స్థానము తప్పించును. తీసిన పాత యూ బోల్టులను తిరిగి వాడరాదు. ఒకమారు సాగిన మర మరల అదే పట్టు నీయజాలదు. క్రొత్తవాని వెల అతి స్వల్పము.